లేహ్‌లో విమానం రద్దయింది, అమ్మ, బాపు ఏ రోడ్డున రావాలి?

మాది హనుమకొండ. అమ్మ, బాపు లడఖ్ చూద్దామని వెళ్లి లేహ్‌లో ఇరుక్కుపోయారు. వాతావరణం బాగాలేక ఢిల్లీ విమానం రద్దయింది, తర్వాతి వాటిల్లో సీట్లు లేవు. ఇక రోడ్డే దిక్కు.

అక్కడి డ్రైవర్ మనాలీ వైపు తీసుకెళ్తానంటున్నాడు. కానీ ఆ దారిలో తంగ్‌లాంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైనే. రాత్రి సర్చూలో ఆగినా అది లేహ్ కంటే ఎత్తే. బాపుకు బీపీ ఉంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. నాకు అదే టెన్షన్. శ్రీనగర్ దారిలో అన్నిటికంటే ఎత్తయిన ఫోతు లా 4,100 మీటర్లే, రాత్రి పడుకునే కార్గిల్ లేహ్ కంటే చాలా కిందే ఉంటుంది. నా మనసు ఇటే మొగ్గుతోంది. అయితే జోజి లా దగ్గర కొండచరియలు పడితే బండ్లు ఆపేస్తారట.

ఈమధ్య పెద్దవాళ్లతో ఆ దారిలో వచ్చినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. కార్గిల్‌లో ఎన్నింటికి బయల్దేరితే మంచిది? షేర్ టాక్సీనా, బండి మాట్లాడుకోవడమా? చిన్న ఆక్సిజన్ సిలిండర్ లేహ్‌లో దొరుకుతుందా? మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, హోటల్ ఫోన్‌లోనే మాట్లాడుతున్నాం. కాబట్టి బయల్దేరకముందే అన్నీ చెప్పేయాలి. ఢిల్లీ చేరితే చాలు, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేటలో దిగిపోతారు.