శ్రీలంక దివాలా తీసింది కదా, మరి మనకన్నా పైన ఎట్లుంది?

కడప_కుర్రోడు:
అన్నలూ అక్కలూ ఒక డౌటు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, మానవాభివృద్ధి సూచిక చాప్టర్ దగ్గర ఆగిపోయినా. ఐక్యరాజ్యసమితి 2025 రిపోర్టులో మనది 130వ ర్యాంకు, శ్రీలంకది 89. బంగ్లాదేశ్ కూడా మనతో పాటు 130 లోనే ఉంది. 2022లో శ్రీలంకలో పెట్రోల్ కోసం జనం బంకుల దగ్గరే పడుకున్నారు, రోజుకి 13 గంటలు కరెంటు లేదు, ప్రెసిడెంటే పారిపోతే ఆయన బంగళాలో జనం ఈత కొట్టిన వీడియో మనమంతా చూసినాం కదా. మనమేమో ప్రపంచంలో టాప్ ఫైవ్ ఎకానమీ అంటున్నాం. మా రూమ్మేట్ అయితే ఇవన్నీ తెల్లోళ్ళ లెక్కలురా వదిలేయ్ అన్నాడు. బిట్ల కోసం కాదు, నిజంగానే అర్థం కావాల.

లెక్కల_పంతులు:
తెల్లోళ్ళ లెక్కని మీ రూమ్మేట్‌తో అనిపించిందెవరో గానీ, 1990లో దీన్ని మొదలుపెట్టింది పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, తోడు నిలబడింది మన అమర్త్యసేన్. ఇందులో చూసేవి మూడే: మనిషి ఎన్నేళ్ళు బతుకుతాడు, ఎన్నేళ్ళు చదువుతాడు, తలకి ఎంత ఆదాయం. టాప్ ఫైవ్ అనేది మొత్తం కుప్ప, దాన్ని 140 కోట్ల మందికి పైగా పంచి చూడాలి బాబూ. అలా పంచితే దివాలా తీశాక కూడా శ్రీలంక తలసరి ఆదాయం మనకన్నా ఎక్కువే, ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక దివాలా తీసింది ప్రభుత్వం. 2019 చివర్లో వ్యాట్, అంటే అమ్మకాల మీద పన్ను, 15 నుంచి 8 శాతానికి కోసేశారు, కోవిడ్‌తో టూరిస్టులు ఆగిపోయారు, 2021లో ఉన్నపళంగా రసాయన ఎరువులు బంద్ అన్నారు, వరి దిగుబడి పడిపోయింది, చేతిలో డాలర్లు లేవు, 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేం అని చేతులెత్తేశారు. మా ఊళ్ళో ఒకాయన అప్పులకి నాలుగెకరాలూ అమ్ముకున్నాడు, కానీ అప్పటికే ఇద్దరు కూతుళ్ళు నర్సింగ్ పూర్తి చేసి ఉద్యోగాల్లో ఉన్నారు. అప్పులోళ్ళు పొలం పట్టుకుపోయారు, సర్టిఫికెట్లు పట్టుకుపోలేరుగా. శ్రీలంక కథ కూడా అదే. 1931లోనే, తెల్లోళ్ళు ఉండగానే, ఆడామగా అందరికీ ఓటు వచ్చింది, దాంతో ఓటు అడగడానికి వచ్చినవాడికి మా ఊరికి బడి ఏది, ఆస్పత్రి ఏది అనే ప్రశ్న తప్పలేదు. 1934-35లో మలేరియాకి 80 వేల మంది దాకా పోయారు, ఆ దెబ్బకి పల్లెల్లో ఆస్పత్రుల మీద పట్టుదల పెరిగింది. 1945లో విద్యామంత్రి కన్నంగర పుణ్యమా అని చదువు ఫ్రీ అయింది. ఇప్పుడు అక్కడ పెద్దవాళ్ళు సగటున దాదాపు 11 ఏళ్ళు చదివినవాళ్ళు, మనం ఇంకా 7 దగ్గర ఉన్నాం. ఆయుష్షులో కూడా ఐదేళ్ళు వెనక.

నెల్లూరు_సిస్టర్:
నేను ఏఎన్ఎంని, 17 ఏళ్ళ సర్వీసు. బంగ్లాదేశ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, మాకు ట్రైనింగ్‌లో చెప్పింది ఇంకా గుర్తుంది. 1980 నుంచి పదేళ్ళు బ్రాక్ అనే సంస్థ ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి, విరేచనాలైతే పిల్లోడికి ఏం పట్టాలో తల్లికి నేర్పినారు. మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు అంటే దాదాపు అర లీటరు నీళ్ళు, అంతే. ప్యాకెట్ కూడా కాదు, ఇంట్లో ఉండేవే. నాకు నచ్చింది ఏందంటే కొన్నాళ్ళకి వేరేవాళ్ళు వచ్చి ఆ తల్లినే అడిగేవాళ్ళు, కలిపి చూపించమనేవాళ్ళు, ఆమెకి ఎంత గుర్తుంటే నేర్పినామెకి అంత డబ్బు. కోటి ఇళ్ళు దాటినారు అట్ల. మా దగ్గర మాత్రం ఎన్ని మాత్రలు పంచావు అని రిజిస్టర్ అడుగుతుంది గానీ ఎవరు మింగినారు అని అడగదు. ఐరన్ బిళ్ళలు ఇచ్చి వస్తానా, వచ్చే నెల పోతే అదే స్ట్రిప్పు చూరులో దోపి ఉంటది, పది బిళ్ళలకి పదీ! వాంతొస్తది సిస్టరూ అంటది. ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5 అనే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రాలో ఆడవాళ్ళకి రక్తహీనత 58.8 శాతం. రిజిస్టర్లో అయితే అందరం ఫుల్.

అట్లని మనోళ్ళకి చేతకాదని కాదు. మా జిల్లా దూబగుంటలో 90ల మొదట్లో అక్షరదీపం క్లాసులకి పోయిన ఆడవాళ్ళే సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబర్లో రాష్ట్రమంతా సారా బంద్ అయింది. పలక పట్టుకొని కూర్చున్నోళ్ళు చేసిన పని అది.

జగిత్యాల_పోరడు:
పంతులు సారు చెప్పింది కరెక్టే గని ఇంకో పక్క జూడుండ్రి. నేను కువైట్ల 9 ఏండ్లు ఉన్న. మా రూంల నలుగురం మనోళ్లం, ఇద్దరు లంకోళ్లు. కంపనీ అగ్రిమెంటు కాగితం అరబ్బీల, ఇంగ్లీషుల ఉంటది, మా నలుగుర్ల ఒక్కనికి చదువరాదు, ఏజెంటు ఏం చెప్తే అదే నిజమనుకొని ఏలు ముద్రేసి వచ్చినం. ఆ లంకాయన పన్నెండు దాక చదివిండట, బెడ్ మీద కూసోని లైను లైను మీద ఏలు వెట్టి, మీ జీతం ఇండ్ల 75 దినార్లే ఉంది, 120 గాదు అని చెప్పిండు. ఆ రాత్రి ఎవ్వలం అన్నం తినలే. ఏజెంటుకు ఫోన్ జేస్తే ఎత్తలే.

గని ఆలోచించుండ్రి, అంత చదివినోడు గూడ మాతోటే అదే బంకు మంచం మీద పన్నడు, అదే ఎండల పైపులు మోసిండు. ఆల్ల ఊర్ల చదువుంది, దవాఖాన ఉంది, పని లేదు. పెండ్లాం ఇంకో ఇంట్ల పనికి దుబాయ్ పొయ్యింది, పిల్లలు అమ్మమ్మ దగ్గర. ర్యాంకు 89 అంటే గా మనిషే యాదికొస్తడు నాకు.

కడప_కుర్రోడు:
థాంక్స్ అన్నా, అక్కా, సార్. జగిత్యాలన్నా నీ మాటకి ఏం రాయాల్నో తెలీట్లేదు. సార్ ఇంకొకటి, మన రెండు రాష్ట్రాలు తలసరి ఆదాయంలో బాగానే ఉన్నాయి కదా, మరి చదువులో?

లెక్కల_పంతులు:
అదే అసలు నొప్పి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, ఒడిశా 73, ఛత్తీస్‌గఢ్ 70. వెనకబడ్డ రాష్ట్రాలు అని మనం జాలిపడేవాళ్ళే మనకన్నా ముందున్నారు. దీనికి వేరే థ్రెడ్ వెయ్యి, ఇక్కడ కలిపితే సిస్టర్ గారి పోస్టు మునిగిపోద్ది.