రెండు నిమిషాల పోజు అంటే చెయ్యి బిగుసుకుపోతోంది, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎదురుగా ఉన్న మోడల్‌ని చూసి బొమ్మ గీసే లైఫ్ డ్రాయింగ్ క్లాసులో అరగంట పోజయితే బాగానే వేస్తాను. రెండు నిమిషాలే అనగానే టెన్షన్. మొన్న మోడల్‌గా వచ్చిన పెద్దాయన కుడికాలి మీద బరువు వేసి నిలబడ్డారు. కుడివైపు నడుము పైకి లేచింది, అదే వైపు భుజం కిందికి వాలింది. కంటికి స్పష్టంగా కనిపిస్తోంది, నా కాగితం మీద మాత్రం మనిషి నిటారుగా బిగుసుకుని ఉన్నాడు. మనిషి ఎత్తు ఏడున్నర తలలంత అనే లెక్క చూసుకునేలోపే టైమ్ అయిపోతోంది.

కొలతలు వదిలేసి ముందు వెన్నెముక వంపు పట్టుకోవాలా? బొగ్గు పుల్లని పడుకోబెట్టి భుజం నుంచి చెయ్యి కదిపి గీయమని సీనియర్ అక్క చెప్పింది. అలా గీస్తే ఊపు వస్తోంది, కానీ పాదాలు నేల మీద ఆనడం లేదు. బస్టాపులో జనాన్ని చూసి గీస్తే ఇది కుదురుతుందా? ఈ దశ దాటినవాళ్లు రోజూ ఏం సాధన చేశారో దయచేసి చెప్పండి.