టీఎస్‌హెచ్ నార్మలే, నీరసం మాత్రం పోలేదు. డోస్ పెంచమని అడగొచ్చా?

తిరుచానూరు అక్క: థైరాయిడ్ మాత్ర 75 మైక్రోగ్రాములు వాడుతున్నా. టీఎస్‌హెచ్, అదే థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే రక్తపరీక్ష నంబరు, 3.8 వచ్చింది. డాక్టరుగారు కాగితం చూసి నార్మల్ అని పక్కన పెట్టేశారు. నాకేమో మధ్యాహ్నానికే కాళ్లు లాగేస్తాయి, దువ్వెన నిండా వెంట్రుకలు, తిరుపతి ఎండల్లో ఫ్యాన్ గాలికి కూడా చలి. కాస్త పెంచమని అడిగితే తప్పా?

తిలక్‌రోడ్డు మందులాయన: మాత్ర వేసుకున్నాక కాఫీ ఎంతసేపటికి తాగుతావు తల్లీ? పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. రెండూ ఒకే గుక్కలో మింగేవాళ్లని మా కౌంటర్ దగ్గర చూస్తూనే ఉంటా.

తిరుచానూరు అక్క: గంట ఆగే తాగుతా అన్నా. నేనడిగింది డోస్ సంగతి.

కాణిపాకం కుర్రోడు: క్యాబేజీ మానేయండి.

గ్రీమ్స్‌పేట చెల్లి: ఉడికించి మామూలుగా తింటే క్యాబేజీ ఏం చేయదు తమ్ముడూ. అక్కా, నేనూ పట్టుబట్టి పెంచించుకున్నా. టీఎస్‌హెచ్ 0.1కి పడిపోయి గుండె దడ, చేతులు వణుకు, రాత్రిళ్లు నిద్ర లేదు. అట్లే ఉంటే ఎముకలు కూడా గుల్లబారతాయన్నారు. నీది టెన్షన్ వల్లేమో, చూసుకో.

తిలక్‌రోడ్డు మందులాయన: గంట అంటే గడియారం చూసుకునేనా? పాలు కూడా తాగకూడదు.

తిరుచానూరు అక్క: గడియారం చూసే అన్నా! ఇక టెన్షనా? మా అత్తగారూ అదే అంటుంది. ఆ రిపోర్టు మా ఆయన ఫ్రిజ్ మీద పెట్టాడు. నేను కాసేపు నడుం వాలిస్తే చాలు, ‘నార్మలే కదా, ఇంకేం రోగం’ అంటాడు. డోస్ పెరిగితేనైనా నాకు నిజంగానే బాగాలేదని వీళ్లు నమ్ముతారు.

గ్రీమ్స్‌పేట చెల్లి: అట్లయితే నీ గొడవ మాత్రతో కాదక్కా, మీ ఆయనతో. దానికి ఒంటి మీదికి తెచ్చుకుంటావా?

బాలాజీ కాలనీ ల్యాబ్: చెల్లెమ్మా, 3.8 అంటే చాలా ల్యాబుల్లో పైహద్దుకు దగ్గరే. కొద్దిగా పెంచి చూద్దామా అని అడగడంలో తప్పులేదు. అయితే ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే డోస్ మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేస్తారు. అక్కా, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బీ12 చూపించారా? అవి తగ్గినా ఇదే నీరసం. జుట్టుకు మాత్రలేమైనా వాడుతున్నారా?

తిరుచానూరు అక్క: వాడుతున్నా. స్ట్రిప్ మీద బయోటిన్ 10 మిల్లీగ్రాములు అని ఉంది. దానికీ దీనికీ ఏం సంబంధం?

బాలాజీ కాలనీ ల్యాబ్: కొన్ని మెషిన్లలో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. మీ అసలు నంబరు 3.8 కన్నా ఎక్కువే ఉండొచ్చు. కనీసం రెండు రోజులు అది ఆపి, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) పరీక్షతో కలిపి మళ్లీ చేయించండి. డోస్ మాట ఆ తర్వాత అడగండి.

తిలక్‌రోడ్డు మందులాయన: ఆ జుట్టు మాత్రలో ఐరన్ ఉందేమో చూడు. పొద్దున్నే వేసుకుంటున్నావా?

తిరుచానూరు అక్క: రాత్రి అన్నం తిన్నాక. సోమవారం రక్తం ఇస్తా. రిపోర్టు చూపించడానికి మా ఆయన్ని కూడా వెంటబెట్టుకుని పోతా, ఏమడుగుతాడో డాక్టరు ముందే అడగనీ.