అప్పుకు 60 శాతం హద్దు చట్టంలో ఉండాలా?

పద్దుపుస్తకం:
ఏ ప్రభుత్వమైనా దేశీయోత్పత్తిలో 60 శాతానికి మించి అప్పు చేయకుండా చట్టమే కట్టడి చేయాలి. 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందం చేసుకున్న ఐరోపా దేశాలు పెట్టుకున్న హద్దు ఇదే. దాన్ని ఖాతరు చేయని గ్రీసు 2010లో సహాయ రుణం కోసం చేయి చాచింది. ఆదాయానికి మించి ఖర్చు పెట్టే ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఎదురీత:
ఇల్లు పన్నులు వేయజాలదు, నోట్లు అచ్చు వేసుకోజాలదు. జపాన్ అప్పు 200 శాతం దాటి ఏళ్లు గడిచినా, అది యెన్‌లోనే, ఎక్కువ భాగం స్వదేశీయుల చేతుల్లోనే ఉండటం వల్ల ఎగవేత మాట రాలేదు. శ్రీలంక మాత్రం డాలర్లు నిండుకోవడంతో 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. చూడవలసింది ఏ కరెన్సీలో, ఎంత వడ్డీకి, ఏ గడువుకు తెచ్చారన్నది.

పద్దుపుస్తకం:
జపాన్ సంగతి నేను అడగలేదు. 60 ఎందుకు తప్పో చెప్పండి.

ఎదురీత:
ధరల పెరుగుదలతో కలిపి ఉత్పత్తి ఏటా 5 శాతం పెరుగుతూ, లోటు (ఆదాయానికి మించి ఏటా పెట్టే ఖర్చు) ఉత్పత్తిలో 3 శాతం ఉంటే అప్పు సుమారు 60 దగ్గర నిలకడకు వస్తుంది. అదే లోటుతో వృద్ధి 3కి పడిపోతే అది 100 వైపు నడుస్తుంది. వృద్ధి మారినా మారని హద్దుకు అర్థమేమిటి?

గట్టుమీద:
ఇద్దరూ ఆ అంకెను వదలరు కదా!

బిల్లుదారు:
ఒక ప్రభుత్వ కార్యాలయానికి మరమ్మతులు చేసిన నాకు, లోటు హద్దు దాటుతుందన్న సాకుతో 14 నెలలు బిల్లు ఆపారు. ఆ బకాయి ఏ అప్పు పట్టికలోనూ కనపడలేదు. దానికి బయట వడ్డీ కట్టింది మాత్రం నేను.

పద్దుపుస్తకం:
ఒక్కరి గోడు ఆర్థిక విధానం కాజాలదు.

ఎదురీత:
గోడు అని తీసిపారేయకండి! మీ హద్దు ఎలా నిలుస్తోందో ఆయన చూపించారు.

పద్దుపుస్తకం:
అయితే సూటిగానే చెబుతాను. బాండ్ల వడ్డీ ఒక్క రోజు తప్పినా ఆ పైన తెచ్చే ప్రతి అప్పూ ప్రియమవుతుంది. కాబట్టి ముందు వడ్డీ, తర్వాతే బిల్లులు.

బిల్లుదారు:
వరుసలో నన్ను చివర నిలబెట్టడమే బాధ్యత అన్నమాట. ఈ మాట మొదటే అని ఉంటే 60 మీద ఇంత రభస అక్కరలేకపోయేది.

పద్దుపుస్తకం:
బకాయిలను అప్పులో కలిపి చూపాలంటే ఒప్పుకుంటాను. వరుస మార్చమంటే మాత్రం ఒప్పుకోను.