పరుగెత్తి ఎగిరి వేసే హెచ్‌ఈ గ్రెనేడ్ (పేలి దెబ్బతీసేది) ఒక్కోసారి ఒక్కో చోట పడుతోంది, ఎందుకు?

కౌంటర్ స్ట్రైక్ 2 (రెండు జట్ల షూటింగ్ గేమ్), డస్ట్ 2 మ్యాప్. టీ స్పాన్ (టెర్రరిస్టు జట్టు మొదలయ్యే చోటు) నుంచి పరుగెత్తుతూ లాంగ్ డోర్స్ (పొడవాటి దారికి ఉన్న తలుపులు) పైకప్పు మీదుగా హెచ్‌ఈ విసురుతున్నాను, పిట్ (ఆ దారిలోని గుంత) వైపు వచ్చే వాళ్లకి తగలాలని. నిలబడి ఎగిరి వేస్తే ప్రతిసారీ ఒకే చోట పడుతుంది, దానితో గొడవే లేదు. డబ్ల్యూ (ముందుకు కదిలే కీ) నొక్కి పరుగెత్తి ఎగిరి వేస్తేనే ఒకసారి గోడకి కొట్టుకుని నా కాళ్ల దగ్గరికే దొర్లుకుంటూ వస్తుంది, ఇంకోసారి పిట్ దాటిపోతుంది. మనిషి వేగం గ్రెనేడ్‌కి కలుస్తుందని తెలుసు, అందుకే ఆ దూరం కావాలి.

చూసినవి: ప్రాక్టీస్ సర్వర్‌లో గ్రెనేడ్ దారి చూపించే సెట్టింగ్ పెట్టుకుని ఒకే గుర్తు మీద ఎయిమ్ పెట్టి వేశాను, అక్కడా తేడా వస్తోంది కాబట్టి పింగ్ (సర్వర్‌కి సమాచారం వెళ్లి వచ్చే ఆలస్యం) మీద నెపం వేయలేను (విజయవాడ నుంచి ముంబై సర్వర్‌కి రాత్రిళ్లు 35-40 మిల్లీసెకన్లు ఉంటుంది, ఫర్వాలేదు). జంప్‌ని స్పేస్ నుంచి మౌస్ వీల్‌కి మార్చాను, ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) 144 దగ్గర ఆపాను, మార్పు లేదు. జంప్, త్రో రెండూ ఒకే బటన్‌కి బైండ్ చేయమనకండి, 2024 ఆగస్టు నుంచి అఫీషియల్ సర్వర్లలో అది కుదరదు. కత్తి పట్టుకుని పరుగెత్తి చివర్లో గ్రెనేడ్ తీస్తున్నాను, కత్తితో వేగం సెకనుకి 250 యూనిట్లు, గ్రెనేడ్‌తో 245, ఆ తేడా పూర్తిగా సర్దుకోకముందే ఎగురుతున్నానేమో అని ఒక అనుమానం.

పరుగు వేగం ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే గ్రెనేడ్ చేతిలోకి తీసుకున్నాక ఎంతసేపు పరుగెత్తి ఎగరాలి?