పొగడదండా, బొగడదండా?

సగంసీసం: జనరల్ సెడ్జ్‌విక్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1864, అమెరికా అంతర్యుద్ధం, స్పాట్సిల్వేనియా. తూటాలకు తలలు దించుకుంటున్న తన సైనికులను చూసి "ఇంత దూరం నుంచి ఏనుగును కూడా కొట్టలేరు" అని నవ్వాడు. కాసేపటికే తూటా తగిలి పోయాడు. తన మాటే తనకు తిరగబడింది. నిన్న అది మళ్లీ చదివిన దగ్గర్నుంచీ శ్రీనాథుడి చాటువు (విడిపద్యం) ముక్క ఒకటి బుర్రలోంచి పోవడం లేదు. "పురవీధి నెదురెండ పొగడదండ". దాని ముందు సగం గుర్తు లేదు. "నల్లగుండు" కూడా ఎక్కడో వస్తుంది. నా సందేహం మాత్రం చిన్నదే. ఎండే దండా? ఎండలో దండా?

కంఠతా_బాపతు: ముందు సగం "కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా". నల్లగుండు రెండో పాదంలో: "సార్వభౌముని భుజాస్తంభ మెక్కెను గదా నగరివాకిట నుండు నల్లగుండు". ఇక మీ సందేహానికి వస్తే, ఎండే దండ. రూపకం. శిస్తు కట్టలేదని వీధిలో నిలబెట్టారు, మెడకు ఎండే మాల అయింది. ఇందులో ఆలోచించడానికేముంది?

ద్రుతం: చాలా ఉందండీ. సగంసీసం గారు "పొగడదండ" అని రాశారు. నేను విన్నది "ఎదురెండఁ బొగడదండ". అక్కడ "ఎండన్" అని ద్రుతం (చివరి నకారం) ఉంటే తర్వాతి పరుషం "ప" సరళం "బ" కావాలి, అంటే "బొ" రావాలి. అప్పుడు "ఎండలో" అనే అర్థం. ద్రుతం లేకపోతే "పొ" ఉంటుంది, మీ రూపకం నిలుస్తుంది. గొడవంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది.

కంఠతా_బాపతు: మరి యతి (పాదంలో అక్షరాల మైత్రి)? పురవీధిలో "పు"కి మూడో గణంలో "పొ" చక్కగా కుదిరింది కదా.

ద్రుతం: "బొ" అయినా అంతే చక్కగా కుదురుతుంది. ప-బలకు యతిమైత్రి ఉంది, ఉ-ఒలకూ ఉంది. ఛందస్సు ఈ తగువులో సాక్ష్యం చెప్పదు మాస్టారూ.

కలువ: మా నాన్నగారు ఈ సీసాన్ని రాగం తీసి చదివేవారు. "ఎదురెండా..." అని సాగదీసి, ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, అప్పుడు "పొగడదండ" అనేవారు. అంతసేపు ఆగాక ఇంక సంధి ఎక్కడిది?

ద్రుతం: కలువ గారూ, ఊపిరి తీసుకుంటే సంధి ఆగదండీ. కళ్లజోడు తుడుచుకున్నా ఆగదు.

కలువ: మీరు ఆయన చదువుతుంటే వినలేదు కాబట్టి అలా అంటున్నారు :)

పాతకట్ట: అందరూ పొ, బొ దగ్గర ఆగిపోయారు. ముందు పొగడదండ అంటే ఏమిటో తేలాలి కదా. పొగడపూల మాల అన్నది ఒక అర్థం. నేరస్తుడి మెడకు తగిలించే శిక్షా సాధనం అన్నది ఇంకొకటి. మిగతా మూడు పాదాలు చూడండి. భుజం మీద గుండు, కాళ్లకు నిగళాలు (సంకెళ్లు), ముంజేతికి వెదురుగొడియ (వెదురుబేడీ). మూడూ నిజమైన శిక్షలే, చేత్తో పట్టుకోగల వస్తువులే. మొదటి పాదంలో మాత్రం గాలిలో రూపకం కట్టాడంటే నేను నమ్మను. నగరివాకిలి ఎలా చోటో, ఎదురెండ కూడా అలా చోటే. ద్రుతం గారి పక్షం నాది, కానీ ఆయన చెప్పిన కారణానికి కాదు.

కంఠతా_బాపతు: "పురవీధిన్" అని ఒకసారి చోటు చెప్పేశాడు. వెంటనే "ఎండన్" అని ఇంకో చోటా? శ్రీనాథుడు అంత దండగమాట వేస్తాడా?

పాతకట్ట: దండగ కాదు. వీధి పదిమందీ చూడటానికి, ఎండ ఒళ్లు కాలడానికి. పరువుకొకటి, ప్రాణానికొకటి. లెక్క సరిపోయింది.

సగంసీసం: ఇది బాగుంది. ఇంకొకటి. "పొగడు" అన్న మాట ఆ దండలోనే ఉంది చూశారా? జీవితమంతా రాజులను పొగిడి బతికినవాడి మెడకు చివరికి పొగడదండ. దీన్నే కదా ఐరనీ అంటారు? తెలుగులో వ్యంగ్యం అనొచ్చా?

అలంకారి: వ్యంగ్యం అనకండి, దయచేసి. వ్యంగ్యం అంటే ధ్వనించే అర్థం, ధ్వని సిద్ధాంతం చెప్పిన ఆనందవర్ధనుడి సొత్తు. పేపర్లవాళ్లు దాన్ని వెటకారం చేసిపెట్టారు. సెడ్జ్‌విక్‌కి జరిగింది విధి వైపరీత్యం. శ్రీనాథుడు చేసింది వేరు, తనకు జరిగిన వైపరీత్యాన్ని తనే శ్లేషలో పెట్టాడు. సెడ్జ్‌విక్‌కి తన మాట ఎలా తిరగబడిందో తెలుసుకునే టైమ్ లేదు. ఈయనకు ఉంది, పద్యం కట్టేంత ఉంది.

ద్రుతం: వ్యాజస్తుతి (పొగిడినట్టు తిట్టడం, తిట్టినట్టు పొగడటం) అనొచ్చేమో?

అలంకారి: స్తుతి ఎవరికండీ, నల్లగుండుకా?

ద్రుతం: గుండుకే. "ఎక్కెను గదా", "కౌగిలించెను గదా", నాలుగో పాదంలో ఏకంగా "వియ్యమందెను గదా వెదురుగొడియ". సంకెళ్లకు పెళ్లివారి మర్యాదలు చేస్తున్నాడు. మీ పుస్తకంలో దానికి పేరు లేకపోతే పుస్తకం తప్పు.

కలువ: నాకు ఎప్పుడూ మిగతా శిక్షల కంటే బిరుదులే ఎక్కువ బాధ పెడతాయి. కవిరాజు, సార్వభౌముడు, ఆంధ్రనైషధకర్త, వీరభద్రారెడ్డి విద్వాంసుడు. నాలుగు పాదాల్లో ఒక్కచోట కూడా "నా" అనలేదు. వేరెవరికో జరుగుతున్నట్టు, పక్కన నిలబడి చూస్తున్నట్టు చెప్పాడు.

సగంసీసం: కలువ గారు అన్నాక ఇంకోటి తట్టింది. విజయనగరంలో కనకాభిషేకం గురించి శారదాంబతో ఏమన్నాడు? "దీనారటంకాల తీర్థమాడించితి". మరి ఈ సీసం కింద ఎత్తుగీతి (ముగింపు పద్యం) చివర? "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు". అదే టంకం! ఒకప్పుడు స్నానం చేసిన నాణేలే ఏడు వందలు దొరకలేదు. అక్కడ "పాదుకొల్పితి సార్వభౌమబిరుదు" అన్నాడు, ఇక్కడ ఆ సార్వభౌముడి భుజం మీదికే గుండు ఎక్కింది. రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒళ్లు జలదరించింది.

పాతకట్ట: సరిగ్గా అందుకే నాకు అనుమానం తమ్ముడూ. ఇంత అందంగా కుదిరిందా? రెండూ చాటువులే. నోటి మీద బతికిన పద్యాలు. మొదటిది బాగా వచ్చినవాడెవడైనా రెండోది కట్టొచ్చు. నీ సెడ్జ్‌విక్ సంగతే చూడు. "ఏనుగును..." అంటూండగానే మాట సగంలో ఆగిపోయిందని చెప్పుకుంటారు. నిజానికి ఆ మాట పూర్తిగానే అన్నాడు, ఇంకోసారి కూడా అన్నాడు, ఒక సైనికుడితో నవ్వుతూ మాట్లాడాడు, ఆ తర్వాతే తూటా తగిలింది. చెప్పేవాళ్లు మధ్యలో ఉన్నదంతా కోసేసి రెండు కొసలూ ముడేశారు. ఈ టంకాలకు కూడా ఎవరో ముడేశారని నా ఊహ.

కంఠతా_బాపతు: ఎవరో కట్టగలిగే పద్యమా ఇది? అంత చేవ ఉన్నవాడు తన పేరెందుకు పెట్టుకోలేదు? పోనీ ఇది వేరేవాడిదే అనుకోండి, "దివిజకవివరు గుండియల్ దిగ్గురనగ" ఎవరిది? ఇచ్చే రాజులంతా పోయారు, రత్నాంబరాలు లేవు, కస్తూరి లేదు, దినవెచ్చానికి దిక్కు లేదు. అయినా స్వర్గంలో కవులకు గుండెలు అదరాలట, నేనొస్తున్నానని! ఆ పొగరు అరువు తెచ్చుకునేది కాదు.

పాతకట్ట: అదీ చాటువేగా.

కంఠతా_బాపతు: మీతో పెట్టుకోకూడదు.

పోతనపక్షం: ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. ఎవరూ "సత్కవుల్ హాలికులైన నేమి" ఎత్తలేదేం? కావ్యకన్యకను కూళలకు అమ్ముకోవడం కంటే నాగలి పట్టడం మేలన్నాడు మా పోతన. రాజులిచ్చే సొమ్ము పుచ్చుకుంటే సమ్మెటపోట్లు తప్పవనీ అన్నాడు. చివరికి నాగలి పట్టి అప్పులపాలైంది ఎవరు? బావగారు శ్రీనాథుడు! ఇంతకంటే వైపరీత్యం ఏం కావాలి?

పాతకట్ట: బావామరుదుల కథ కట్టుకథ. అది వదిలేయండి.

పోతనపక్షం: బంధుత్వం వదిలేస్తాను. నాగలి వదలను.

అలంకారి: అలా అయితే భోగినీదండకం కూడా ఎత్తుకోండి. సర్వజ్ఞ సింగభూపాలుడి మీద ఉన్న దండకం. దాన్ని పోతనదేనని చెప్పేవాళ్లూ ఉన్నారు. "ఇమ్మనుజేశ్వరాధముల" అన్నవాడి ఖాతాలో రాజుగారి దండకం!

పోతనపక్షం: ఆ దండకం పోతనది కాదు. మాట్లాడొద్దు.

అలంకారి: ఎందుకు కాదు?

పోతనపక్షం: కాదు కాబట్టి.

సగంసీసం: అయ్యా, ఇంతకీ నేను పొ అని చదవాలా, బొ అని చదవాలా?

ద్రుతం: బొ.

కంఠతా_బాపతు: పొ.

కలువ: ఎదురెండా... (కళ్లజోడు) ...పొగడదండ.

పాతకట్ట: అది ఎలాగూ తేలదు గానీ, ఎత్తుగీతిలో "బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి" ఉంది కదా. ఆ గొడ్డేరి ఏమిటి? గొడ్డునేలను ఏరి కోరి తీసుకున్నాడా, గొడ్డునేలకు ఏరు కట్టాడా?

ద్రుతం: ముందు అది సాధురేఫమా (ర), శకటరేఫమా (ఱ) చెప్పండి. "ఏఱు" అయితే నది. మూడో అర్థం కూడా రావచ్చు.

కంఠతా_బాపతు: వచ్చింది. కృష్ణవేణమ్మ రెండు పాదాల పైనే ఉంది. ఆగండి, అన్నం తిని వచ్చి రాస్తాను.