డ్రంక్ అండ్ డ్రైవ్ జరిమానా కట్టేశాక లైసెన్స్ ఎవరిని అడగాలి?

మా తమ్ముడు జనవరిలో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర రాత్రి తనిఖీలో దొరికాడు. బ్రీత్ ఎనలైజర్ స్లిప్పులో 58 వచ్చింది. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కేసే కాబట్టి వాదించడానికేమీ లేదు. కోర్టులో రూ.10,000 కట్టాడు, బండి ఇచ్చేశారు. లైసెన్స్ మాత్రం రాలేదు.

స్టేషన్‌లో అడిగితే రవాణా ఆఫీసుకి పంపేశామంటారు. అక్కడికెళ్తే మాకేమీ రాలేదంటారు. పరివాహన్ అనే ప్రభుత్వ రవాణా సైట్లో చూస్తే లైసెన్స్ స్టేటస్ యాక్టివ్ అనే ఉంది, అదో వింత! కోర్టు రసీదు చూపించాం కానీ స్టాంపు కేసు నంబరు మీదే పడి చివరి అంకెలు కనబడట్లేదు.

లైసెన్స్ సస్పెండ్ అయి ఉంటే, ఆ టైంలో బండి నడిపితే మళ్లీ రూ.10,000 జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఆ టెన్షన్‌తో బండి తీయట్లేదు.

సస్పెండ్ చేశారో లేదో రాతపూర్వకంగా తెలియాలంటే అర్జీ కోర్టులో పెట్టాలా, రవాణా ఆఫీసులోనా?